24 ఆంపియర్ల ఛార్జరు, 558 డాలర్ల కాగితాలు: మా గ్యారేజి డైరీ

సెప్టెంబర్ 27, 2025, శనివారం

కారు ఇంటికొచ్చింది. కొత్త ఎలక్ట్రిక్ కార్ల మీద ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ ఈ నెల 30తో ఆగిపోతుందని జూలైలో చట్టం అయింది. అప్పటినుంచీ ఇంట్లో ఇదే చర్చ. ఎలాగూ వచ్చే ఏడాది కొందామనుకున్నదే, ఇప్పుడే తీసుకున్నాం.

మా ఇల్లు కాలిఫోర్నియాలో, బే ఏరియాకి తూర్పు వైపున్న ఒక చిన్న ఊళ్ళో. 1974లో కట్టింది, 1,600 చదరపు అడుగులు. ఆఫీసుకి పోయి రావడానికి నాకు 70 మైళ్ళు. గ్యారేజిలో ఇప్పుడున్నది మామూలు 120 వోల్టుల ప్లగ్గు. దాన్నుంచి కారు 12 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే గంటకి సుమారు 1.4 యూనిట్లు. రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఏడుకి తీస్తే 14 యూనిట్లు ఎక్కుతాయి. వృథా అయ్యేది కూడా కలుపుకుంటే నాకు రోజుకి 22 కావాలి. రోజూ ఎనిమిది యూనిట్ల లోటు. సోమవారం నిండుగా బయల్దేరిన బండి శుక్రవారానికి సగానికి దిగిపోతుంది. అందుకని 240 వోల్టుల ఛార్జరు పెట్టుకోవాలి.

నోటుబుక్కులో వేసుకున్న లెక్క ఇది: ఛార్జరు 550, వైరూ పైపూ బ్రేకరూ కలిపి 250, పర్మిట్ (ఊరి బిల్డింగ్ శాఖ ఇచ్చే అనుమతి) 100. మొత్తం 900 డాలర్లు. ఆ 100 ఎక్కడిదంటే, మా ఆఫీసులో ఒకాయన వాళ్ళ ఊళ్ళో అంతే కట్టారు. మా ఊళ్ళో ఎంతో నేను ఇంకా అడగలేదు.

అక్టోబర్ 2, గురువారం

దసరా. పొద్దున్నే కారుకి పసుపు, కుంకుమ పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. నాన్న తెనాలి నుంచి వీడియోలో చూశారు. ఆయన లైన్‌మన్‌గా 34 ఏళ్ళు చేసి రిటైరయ్యారు. పూజ అయ్యాక ఆయన అడిగిన మొదటి మాట, "ఛార్జింగుకి లోడు ఎంత పడుతుందిరా? మీ ఇంటి సర్వీసు ఎంత?"

బ్రేకర్లుండే కరెంటు ప్యానెల్ మూత తీసి చూపించాను. మెయిన్ బ్రేకరు మీద 100 అని ఉంది. నాన్న కాసేపు మాట్లాడలేదు. "ముందు లెక్క వేసుకో, ఆ తర్వాతే సామాను కొను" అన్నారు. సామాను అప్పటికే కొనేశాను. 48 ఆంపియర్ల ఛార్జరు, 549 డాలర్లు. ఈ సంగతి ఆయనకి రాత్రి చెప్పాను.

అక్టోబర్ 4, శనివారం

ఇద్దరు ఎలక్ట్రీషియన్లు వచ్చి చూసి వెళ్ళారు.

మొదటాయనకి లైసెన్సుంది. కాలిఫోర్నియాలో కరెంటు పనికి సీ-10 అనే లైసెన్సు ఉండాలి. ప్యానెల్ చూడగానే, 48 ఆంపియర్లకి ఇది చాలదు, 200 ఆంపియర్ల ప్యానెల్ వేయాలన్నారు. దానికి 5,200 డాలర్లు. పర్మిట్ ఖర్చు విడిగా, ఎంతయితే అంత. ప్యానెల్ మారిస్తే బయట ఎమర్జెన్సీ స్విచ్చు, సర్జ్ ప్రొటెక్టరు (వోల్టేజి ఒక్కసారిగా ఎగిరితే కాపాడేది) కూడా ఇప్పటి కోడు, అంటే కరెంటు పనుల నియమావళి, ప్రకారం తప్పనిసరి అవుతాయని, అవన్నీ కలిపే ఆ ధర చెప్పానని వివరించారు. ఆయన మాటలో మోసమేమీ లేదు. నేను అడిగినదానికి ధర చెప్పారు.

రెండో ఆయన 700కి చేసేస్తానన్నారు, పర్మిట్ అక్కర్లేదన్నారు. "గ్యారేజి తలుపు వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. ఆయనకి లైసెన్సు లేదు. ఈ ఏడాది జనవరి 1 నుంచి లైసెన్సు లేనివాళ్ళు వెయ్యి డాలర్ల లోపు పనులు చేయొచ్చని ఇక్కడ చట్టం మార్చారు, అంతకుముందు ఆ హద్దు 500. కానీ పర్మిట్ కావలసిన పనికి ఆ వెసులుబాటు వర్తించదు. ఆయన్ని వద్దన్నాను. ఛార్జరంటే ప్రతి రాత్రీ మేం పడుకున్నాక, నాలుగేసి గంటలు ఏకధాటిగా కరెంటు లాగే వస్తువు. అది గోడకి ఇవతల, పిల్ల పడుకునే గది గోడకి అవతల. ఇంకో మనిషి కళ్ళు దాన్ని చూడాల్సిందే.

ఇంటి యజమాని తన ఇంట్లో పని తనే చేసుకుంటానని ఓనర్-బిల్డర్‌గా పర్మిట్ తీసుకోవచ్చు. ఆ దారిలో వెళ్దామనుకున్నాను. పైపు, వైరు, ఛార్జరు నేను వేసుకుంటాను. ప్యానెల్ లోపలి పని మాత్రం లైసెన్సున్నాయన చేత చేయిస్తాను. మెయిన్ ఆపినా మీటరు వైపు నుంచి వచ్చే లగ్గుల్లో (లావు వైర్లు బిగించే చోట) కరెంటు ఉంటూనే ఉంటుంది. నాన్న తోటివాళ్ళలో ఇద్దరి చేతులు నేను చిన్నప్పుడు చూశాను.

అక్టోబర్ 6, సోమవారం

రాత్రి భోజనాలయ్యాక లోడు లెక్కకి కూర్చున్నాను. లేచేసరికి పన్నెండున్నర.

సిటీ వాళ్ళ వర్క్‌షీటులో పద్ధతి ఇలా ఉంది. చదరపు అడుగుకి 3 వోల్ట్-ఆంపియర్ల (లోడు కొలత) చొప్పున 1,600 అడుగులకి 4,800. వంటింటి ప్లగ్గుల సర్క్యూట్లు రెండు, ఒక్కోటి 1,500. బట్టలుతికే గది 1,500. గిన్నెలు కడిగే మెషీను 1,200, సింకు కింద చెత్త నలిపే మోటారు 900, మైక్రోవేవు 1,500, బట్టలారబెట్టే డ్రయ్యరు 5,000. మొత్తం 17,900 వోల్ట్-ఆంపియర్లు. పొయ్యి, వేణ్ణీళ్ళు, ఇంటి హీటరు గ్యాసువి కాబట్టి లెక్కలోకి రాలేదు. ఇందులో మొదటి 10,000 పూర్తిగా వేయాలి, మిగిలిన 7,900లో 40 శాతమే వేయాలి. ఇంట్లో అన్నీ ఒకేసారి నడవవు కాబట్టి ఆ తగ్గింపు. అది 13,160. దానికి ఏసీ 4,800 పూర్తిగా కలిపితే 17,960. దాన్ని 240 వోల్టులతో భాగిస్తే 75 ఆంపియర్లు.

అంటే కారు రాకముందే కాగితం మీద మా ఇల్లు 75 దగ్గరుంది. మిగిలింది 25.

ఛార్జరుకి తగ్గింపేమీ లేదు, నూటికి నూరూ కలపాలి. 48 ఆంపియర్లయితే మొత్తం 122.8. కుదరదు. 40 పెట్టి చూశాను, 114.8. 32కి 106.8. ఇంక 24. అప్పుడు 98.8 వచ్చింది. రెండుసార్లు వేశాను, మూడోసారి నాన్నకి ఫోన్ చేసి అంకెలు చదువుతుంటే ఆయన అక్కడ కాగితం మీద వేశారు. ఆయనకీ 98.8 వచ్చింది.

24 ఆంపియర్లంటే 5.76 కిలోవాట్లు. నాకు రోజుకి కావలసిన 22 యూనిట్లు నాలుగు గంటల్లోపు ఎక్కుతాయి. మా కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ వాళ్ళ ఈవీ2-ఏ ప్లాన్‌లో అర్ధరాత్రి 12 నుంచి మధ్యాహ్నం 3 దాకా ధర తక్కువ. పన్నెండుకి మొదలైతే నాలుగుకి అయిపోతుంది. మరి 48 ఎందుకనుకున్నాను? డబ్బాల మీద పెద్దక్షరాలతో అదే రాసుంటుంది, దుకాణంలో మొదట అదే చూపిస్తారు, నేనూ అదే పట్టుకొచ్చాను. 5,200 డాలర్ల ప్యానెల్ ఈ ఒక్క కాగితంతో అవసరం లేకుండా పోయింది. ఛార్జరుని వెనక్కి ఇవ్వక్కర్లేదు కూడా, దాని లోపల చిన్న తిప్పుడు స్విచ్చుతో 24కి తగ్గించుకోవచ్చు.

ఇంకో దారి కూడా ప్రయత్నించాను. ఇంట్లో ఏడాది పొడుగునా నిజంగా ఎంత వాడకం ఉందో చూపిస్తే, ఆ గరిష్ఠానికి 25 శాతం కలిపి లెక్కలోకి తీసుకోవచ్చని కోడులోనే ఉంది. మా స్మార్ట్ మీటరు లెక్కల్లో ఏడాది మొత్తం మీద ఎక్కువ వాడిన గంట జూలైలో ఒక సాయంత్రం, 6.1 కిలోవాట్లు. పావు వంతు కలిపినా 32 ఆంపియర్లే. వర్క్‌షీటు 75 అంటోంది, మీటరు 32 అంటోంది. మర్నాడు పొద్దున సిటీ కౌంటరుకి ఫోన్ చేసి అడిగితే, మీ దగ్గరున్నవి గంటకోసారి తీసిన అంకెలు, మాకు పావుగంటకోసారి తీసినవి కావాలి, లేకపోతే వర్క్‌షీటే ఇవ్వండి అన్నారు. వర్క్‌షీటే ఇస్తాను.

అక్టోబర్ 9, గురువారం

ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. ఫీజు పేజీ వచ్చింది. 368 డాలర్ల 55 సెంట్లు.

నేను రాసుకున్నది 100. పేజీ తప్పేమోనని వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాను. అదే అంకె. బిల్లు విప్పి చూశాను. దరఖాస్తు తీసుకున్నందుకు 62. ఎలక్ట్రికల్ పర్మిట్ కనీస రుసుము 148. ప్లాన్ పరిశీలన 131. ఈ మూడింటి మీద 5 శాతం టెక్నాలజీ రుసుము, 17.05. కాగితాలు స్కాన్ చేసి దాచినందుకు 9. ఇవన్నీ ఊరివి. వీటి కింద రాష్ట్రానివి రెండు చిన్న వరసలు, ఒక డాలరు, ఒక అర డాలరు.

ఆ అర డాలరు దగ్గర చాలాసేపు ఆగాను. అది భూకంపాల కోసం. 1971లో సాన్ ఫెర్నాండోలో భూకంపం వచ్చాక, 1972లో కాలిఫోర్నియా ఒక పథకం మొదలుపెట్టింది. రాష్ట్రమంతా భవనాల్లో, ఆనకట్టల మీద, వంతెనల మీద నేల ఎంత గట్టిగా ఊగిందో రాసుకునే పరికరాలు పెడతారు. ఆ లెక్కలు చూసే తర్వాతి ఇళ్ళకి కోడు రాస్తారు. ఆ పరికరాల ఖర్చు ప్రతి బిల్డింగ్ పర్మిట్ నుంచీ కొంచెం కొంచెం తీసుకుంటారు. ఇంటి పనికి లక్ష డాలర్ల విలువకి 13 డాలర్లు, చిన్న పనికి తక్కువలో తక్కువ 50 సెంట్లు. నా పని విలువ 1,300 అని రాశాను కాబట్టి నాది 50 సెంట్లు. దానిపైన ఉన్న ఒక డాలరు బిల్డింగ్ కోడులు తయారుచేసే నిధికి, 25,000 విలువకి ఒకటి చొప్పున. ఈ డాలరున్నర ఎవరడిగినా సంతోషంగా ఇస్తాను.

మిగిలిన 367 సంగతి వేరు. ఇక్కడి చట్టం ప్రకారం పర్మిట్ ఫీజు, ఆ సేవకి ఊరికయ్యే సహేతుకమైన ఖర్చుని మించకూడదు. కౌంటరులో అడిగాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పారు: కనీస రుసుములో రెండు తనిఖీలున్నాయి, పరిశీలనలో ఒక గంట మనిషి పని ఉంది. చిన్న పనికీ ఇన్‌స్పెక్టరు బండేసుకుని రావాల్సిందే కదా అన్నారు. ఆ మాట న్యాయమే. కానీ వైరూ పైపూ బ్రేకరూ కలిపి 143 డాలర్ల పనికి ఒక గంట పరిశీలన, పైన రెండు తనిఖీలు అవసరమా అన్నదే నా ప్రశ్న. పక్క ఊళ్ళో 100కి ఎలా సరిపోతోంది? 2015లోనే ఈ రాష్ట్రం ఛార్జర్ల పర్మిట్లు సులువు చేయమని, చెక్‌లిస్టు పెట్టి ఆన్‌లైన్‌లో తీసుకోమని చట్టం చేసింది. 2021 చట్టంతో ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో గడువులు కూడా పెట్టింది. గడువు పెట్టారు గానీ, రుసుము ఎంత ఉండాలో ఊరికి వదిలేశారు. ఎలక్ట్రిక్ కార్లు రావాలని నిజంగా అనుకుంటే, ఆ రెండో సగం కూడా చూడాలి. ఇదే సిటీ కౌన్సిల్‌కి ఉత్తరంగా రాసి పంపాను.

డబ్బు కట్టేశాను.

నాన్నకి చెబితే ఆశ్చర్యపోలేదు. "మన దగ్గర లోడు పెంచుకోవాలంటే కిలోవాటుకింత అని డెవలప్‌మెంట్ ఛార్జీలు, దాని మీద డిపాజిట్టు కట్టమూ? జనం వైర్ల ఖర్చు లెక్కేసుకుని వస్తారు, డీడీ సంగతి కౌంటరు దగ్గర తెలుస్తుంది" అన్నారు.

అక్టోబర్ 16, గురువారం

వారం తిరిగేసరికి జవాబొచ్చింది. గడువులోపే. నాలుగు సవరణలు అడిగారు.

ఛార్జరు నేమ్‌ప్లేటు మీద 48 ఉంది, మీరు 24 అంటున్నారు, ఆ సెట్టింగు ఎవరు పడితే వాళ్ళు మార్చకుండా ఎక్కడుందో చూపించండి. ఇది సరైన ప్రశ్న. స్విచ్చు లోపలి మూత కింద ఉంటుంది, స్క్రూలు తీస్తే గానీ అందదు. తయారీదారు పుస్తకంలో ఆ పేజీ జతచేశాను.

ప్యానెల్ లోపలి లేబుల్ ఫొటో కావాలి. ప్యానెల్ ముందు 36 అంగుళాల ఖాళీ ఉన్నట్టు స్కెచ్‌లో చూపించాలి. గీశాను.

నాలుగోది చదివి కుర్చీలో వెనక్కి వాలాను. పొగ అలారంలు. వెయ్యి డాలర్లు దాటిన పనికి ఇంటి పర్మిట్ తీసుకుంటే, ప్రతి పడగ్గదిలోనూ, పడగ్గదుల బయటి వరండాలోనూ పొగ అలారం ఉండాలని రాష్ట్ర చట్టం. గ్యారేజి ఇంటికి ఆనుకుని ఉన్నా, ఇంట్లో గ్యాసు మండే వస్తువున్నా కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా ఉండాలి. గ్యారేజి ఆనుకునే ఉంది, గ్యాసు వస్తువులూ ఉన్నాయి, కాబట్టి మాకూ కావాలి. అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టి ఇవ్వాలి.

స్టూలెక్కి ఒక్కోటీ దింపి వెనక తేదీలు చూశాను. వరండాలోది 2009. పిల్ల గదిలోది 2011. వీటి ఆయుష్షు పదేళ్ళు. మూడో పడగ్గదిలో అసలు లేదు, తీసేసిన గుర్తు మాత్రం ఉంది. మోనాక్సైడ్‌ది ఎక్కడా లేదు. ఈ ఇంట్లోకి వచ్చి తొమ్మిదేళ్ళయింది. నెలనెలా బటన్ నొక్కి చూస్తూనే ఉన్నాను, కుయ్యిమంటూనే ఉంది. బటన్ నొక్కితే మోగేది బజరేనని, పొగని పసిగట్టే భాగం పాడైనా అది మోగొచ్చని ఈ రోజు చదివాకే తెలిసింది. మా ఆవిడ ఏమీ అనలేదు. పిల్ల గదిలోది చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది.

పదేళ్ళ సీలు బ్యాటరీవి అయిదు తెచ్చాం, అందులో వరండాకి తెచ్చింది రెండూ పసిగట్టేది. 138 డాలర్లు. ఇది నా బడ్జెట్‌లో లేదు, కానీ దీన్ని పర్మిట్ ఖర్చుల్లో వేసి తిట్టుకోలేను.

అక్టోబర్ 21, మంగళవారం

నిన్న దీపావళి. ఈ రోజు మళ్ళీ వెనక్కి పంపారు. ప్యానెల్ లేబుల్ ఫొటోలో అంకెలు చదవడానికి రావట్లేదట. నిజమే, ఫ్లాష్ వెలుగు సరిగ్గా లేబుల్ మీదే పడింది. మొదటి సవరణ ఉచితం, రెండో దానికి అరగంట పరిశీలన, 66 డాలర్లు. టార్చి పక్కనుంచి వేసి, ఫ్లాష్ ఆపి, మూడు ఫొటోలు తీసి పంపాను. మీరు పర్మిట్ పెట్టేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఫొటో పంపేముందు ఫోన్‌లో పెద్దది చేసి, ప్రతి అంకె మీరు చదవగలరేమో చూసుకోండి.

పన్ను రాయితీ సంగతీ తేలిపోయింది. ఛార్జరు ఖర్చులో 30 శాతం, వెయ్యి డాలర్లకి మించకుండా వెనక్కి వస్తుందని చదివాను. వచ్చే జూన్ 30 లోపు పెట్టించుకుంటే చాలు. కానీ అది అన్ని ఇళ్ళకీ కాదు, ఆదాయం తక్కువున్న ప్రాంతాలకీ, పట్టణం కాని ప్రాంతాలకీ మాత్రమే, జనాభా లెక్కల ట్రాక్టు (లెక్కల కోసం విడగొట్టిన చిన్న ప్రాంతం) నంబరు చూసి ఇస్తారు. మా ఇంటి నంబరు ఆ పట్టీలో లేదు.

అక్టోబర్ 27, సోమవారం

పర్మిట్ చేతికొచ్చింది. ప్రింటు తీసి గ్యారేజి గోడకి అతికించాను.

నవంబర్ 1, శనివారం

ఈ రోజు పని. ఇన్ని రోజుల కాగితాల తర్వాత చేతిలోకి పైపు తీసుకుంటే ప్రాణం లేచొచ్చింది.

మా ప్యానెల్ ఇంటి బయటి గోడకి ఉంది. దాని వెనకే గ్యారేజి. ప్యానెల్ వెనక నుంచి గోడలోంచి లోపలికి, అక్కడినుంచి 14 అడుగులు ముప్పాతిక అంగుళం ఇనప పైపు, చివర ఛార్జరు. ప్లగ్గు పెట్టకుండా వైరు నేరుగా ఛార్జరులోకి బిగించాను. ప్లగ్గయితే ఇప్పటి కోడు ప్రకారం జీఎఫ్‌సీఐ బ్రేకరు (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) కావాలి, అది ఒక్కటే వంద దాటుతుంది. పైగా ఛార్జరులో తన సొంత రక్షణ ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి అపార్థం చేసుకుని ఊరికే ట్రిప్ అవుతుంటాయి. రోజూ గంటల తరబడి వేడెక్కే చోట చవక ప్లగ్గు కరిగిపోయిన ఫొటోలు నేను చాలానే చూశాను.

గంటల తరబడి నడిచే లోడుకి పావు వంతు ఎక్కువ లెక్కేసుకోవాలి. 24కి 30. కాబట్టి 30 ఆంపియర్ల రెండు పోళ్ళ బ్రేకరు, 10 గేజు రాగి వైరు: నలుపు, ఎరుపు, ఎర్తుకి పచ్చ. ఇలాంటి ఛార్జరుకి న్యూట్రల్ అక్కర్లేదు. 48కి వెళ్ళి ఉంటే 6 గేజు వైరు లాగాల్సి వచ్చేది. అది పెన్సిలు మందాన ఉండి వంపులో తిరగనంటుంది. 10 గేజు మా అమ్మాయి అటు తోస్తుంటే నేను ఇటు లాగితే నిమిషంలో వచ్చేసింది.

ఛార్జరు లోపల టెర్మినళ్ళు బిగించేటప్పుడు టార్క్ స్క్రూడ్రైవరు వాడాను. 58 డాలర్లు పెట్టి కొన్నాను. టెర్మినల్ మీద ఎంత బిగువు కావాలో రాసి ఉంటే, ఆ బిగువు కొలిచే పనిముట్టుతోనే బిగించాలని కోడు. ముందు నా చేతి అంచనాతో మామూలు స్క్రూడ్రైవరుతో బిగించి, గట్టిగానే ఉందనుకున్నాను. తర్వాత టార్క్‌ది పెట్టి తిప్పితే టక్‌మనడానికి ఇంకా దాదాపు సగం చుట్టు తిరిగింది. ఆ సగం చుట్టు వదులే రాత్రిళ్ళు వేడిగా మారి, తర్వాత నల్లబడి, తర్వాత మంటవుతుంది. నాన్న వీడియోలో ఆ టక్ శబ్దం విని మళ్ళీ చేయమన్నారు. "మా రోజుల్లో మణికట్టే కొలత. ఇది మంచిదిరా" అన్నారు.

పనికి ముందు ఆయన పెట్టిన షరతు ఒకటుంది. టెస్టరుని ముందు కరెంటున్న ప్లగ్గులో చూడాలి, తర్వాత ఆపిన చోట చూడాలి, మళ్ళీ కరెంటున్న ప్లగ్గులో చూడాలి. "ఆపానని నువ్వనుకోవడం కాదు, టెస్టరు చెప్పాలి. ఆ టెస్టరు బతికే ఉందని ప్లగ్గు చెప్పాలి." మూడుసార్లూ ఆయన చూస్తుండగా చేశాను.

మధ్యాహ్నం సీ-10 ఎలక్ట్రీషియన్ వచ్చి ప్యానెల్‌లో బ్రేకరు ఎక్కించి, నా పనంతా ఒకసారి చూసి వెళ్ళారు. 225 డాలర్లు.

నవంబర్ 6, గురువారం

తనిఖీ. ఇన్‌స్పెక్టరు పెద్దాయన, నెమ్మదిగా చూశారు. ఛార్జరు నేలకి 18 అంగుళాల పైనుందా అని టేపు పెట్టారు. లోపలి మూత తీయించి స్విచ్చు 24 మీద ఉందని చూశారు. గోడలో పైపు వచ్చిన చోట సీలు చూశారు. పొగ అలారంలు ఒక్కోటీ నొక్కారు. అన్నీ బాగున్నాయన్నారు. తర్వాత బయటికి, ప్యానెల్ దగ్గరికి వెళ్ళారు.

ప్యానెల్ ముందు కరివేపాకు చెట్టుంది.

నేను స్కెచ్‌లో 36 అంగుళాలు గీసినప్పుడు ఆ చెట్టు నా కంటికి అడ్డుగా కనిపించలేదు. దాని కాండం ప్యానెల్‌కి 14 అంగుళాల దూరంలో ఉంది, అయిదడుగుల ఎత్తు, కొమ్మలు ప్యానెల్ తలుపుని తాకుతున్నాయి. ప్యానెల్ ముందు 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల లోతు ఖాళీగా ఉండాలి. ప్యానెల్ దగ్గర కరెంటు పని చేసే మనిషి భద్రంగా నిలబడాలన్నా, నిప్పంటుకున్న రాత్రి ఫైర్‌మన్ పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపాలన్నా చోటు కావాలి. ఇన్‌స్పెక్టరు ఆకు ఒకటి తుంచి వాసన చూసి, ఏం చెట్టని అడిగారు. చెప్పాను. చాలా మంచి వాసన అన్నారు. కార్డు మీద ఫెయిల్ అని రాశారు. ఫెయిలైనదానికి మళ్ళీ రావడానికి విడిగా 124 డాలర్లు.

నవంబర్ 9, ఆదివారం

ఈ చెట్టు మేం ఇంట్లోకి వచ్చిన ఏడాది, 2016లో, జానెడు మొక్కగా ఇక్కడి నర్సరీలో కొన్నాం. దాన్ని ప్యానెల్ పక్కన పెట్టడానికి కారణముంది. కరివేపాకుకి ఇక్కడి చలి పడదు. ఆ దక్షిణపు గోడ పగలంతా ఎండ తాగి రాత్రికి వెచ్చదనం వదులుతుంది. దొడ్డి మొత్తంలో చలికాలం దాటగలిగిన చోటు అదొక్కటే. రోజూ పోపులోకి రెబ్బ తుంచడానికి మా ఆవిడ అక్కడికే వెళ్తుంది.

ఎవరికైనా ఇచ్చేద్దామంటే అదీ కుదరదు. నిమ్మ, నారింజ చెట్లకు తెగులు మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకని ఇక్కడ ఈ మొక్కల్ని చోటు నుంచి చోటుకి తీసుకెళ్ళడం మీద ఆంక్షలున్నాయి. మా దొడ్లోనే ఉండాలి.

పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాం. ముందు కొమ్మల్ని సగానికి కత్తిరించాం. ఆ ఆకంతా మా ఆవిడ కడిగి నీడన ఆరబెట్టింది, కరివేపాకు పొడికి. కాండం చుట్టూ అడుగున్నర దూరంలో గుండ్రంగా తవ్వుతూ వెళ్ళాం. గోడ వైపు వేళ్ళు పునాది వెంట పరుచుకుపోయాయి, అటు కోయక తప్పలేదు. నేను పార తీసుకుంటే తను వద్దని, చేత్తో మట్టి తీస్తూ వేళ్ళు ఒక్కోటీ విడదీసింది. రెండు గంటలు పట్టింది. గోనెపట్టా మీదికి దొర్లించి, పెద్ద కుండీలోకి దింపి, పాత మట్టే చుట్టూ వేశాం. పగలు వాకిట్లో ఎండకి, రాత్రి గ్యారేజిలోకి. కొత్త ఛార్జరు పక్కనే చోటు చేశాం.

సాయంత్రానికి ఆకులు వేలాడిపోయాయి. ఈ కాలంలో కదపకూడదని నాకూ తెలుసు. పర్మిట్ ఫీజుల్లో నాకు నిజంగా బాధ కలిగించింది ఇదే.

నవంబర్ 13, గురువారం

రెండో తనిఖీ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అదే ఇన్‌స్పెక్టరు. టేపు పెట్టి 36 చూసి సంతకం చేశారు. వెళ్తూ వెళ్తూ చెట్టు ఏమైందని అడిగారు, గ్యారేజిలో చూపించాను.

ఇప్పుడు అసలు లెక్క. ఛార్జరు 549. వైరు, పైపు, బ్రేకరు 143. ఎలక్ట్రీషియన్ 225. టార్క్ స్క్రూడ్రైవరు 58. అలారంలు 138. పర్మిట్ 368.55, రెండో పరిశీలన 66, రెండో తనిఖీ 124. మొత్తం 1,671 డాలర్ల 55 సెంట్లు. ఇందులో ఊరికి కట్టినవి 558.55, ఛార్జరు ధర కన్నా తొమ్మిదిన్నర డాలర్లు ఎక్కువ. అందులో 190 నా ఫొటోకీ, నా స్కెచ్‌కీ పడ్డవి, వాటికి ఊరిని అనను. మిగిలిన 368 విషయంలో నా ఉత్తరానికి జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల కౌన్సిల్ సమావేశంలో మాట్లాడడానికి పేరిచ్చాను.

ఎవరైనా ఈ పని మొదలుపెడుతుంటే నేను చెప్పేది: సామాను కొనకముందు లోడు లెక్క వేయండి. మీ ఊరి ఫీజు పట్టీ తెరిచి కనీస రుసుము, పరిశీలన, రెండో తనిఖీ మూడూ చూడండి, పక్క ఊరి అంకె నమ్మకండి. పొగ అలారంల వెనక తేదీ ఈ రోజే చూడండి, ఛార్జరు పెట్టుకోకపోయినా సరే. ప్యానెల్ ముందు నిలబడి చేతులు చాచి చూడండి.

నవంబర్ 14, శుక్రవారం

నిన్న రాత్రి పన్నెండుకి మొదలైంది. పొద్దున లేచి చూస్తే 22 యూనిట్లు, మూడు గంటల యాభై నిమిషాలు. ఛార్జరు తెర ఫొటో తీసి నాన్నకి పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది.

"నడుస్తున్నప్పుడు పైపు మీద చెయ్యి పెట్టి చూశావా?"

"మూడింటికి అలారం పెట్టుకుని లేచి చూశాను నాన్నా. పైపూ, బ్రేకరూ రెండూ."

"ఎలా ఉంది?"

"చల్లగానే ఉంది."

"సరే. వారం రోజులు చూడు" అన్నారు.